తెల్లబట్టలు - యంత్రపు మరకలు

బట్టలుతుకు యంత్రము నుండి తీసిన తెల్లని చొక్కా, లోపల వేసినప్పటికంటె మాసినట్లు కనబడుట చాలా ఇండ్లలో జరుగుచున్న విషయమే. భుజముమీద ఎర్రని చుక్క, మెడపట్టీ ప్రక్కన బూడిదరంగు చార, వీపున గోటితో గీరిన ఊడివచ్చు నల్లని పొలుసులు. అప్పుడు నింద యంత్రముమీద పడును, లేదా పౌడరుమీద పడును. ఆ తరువాత ఇంటిలో ఎవరో ఒకరు బ్లీచింగు ద్రావణపు సీసా అందుకొందురు. కొన్ని మరకలు దానితో పోవును. కొన్ని మాత్రము పోకపోగా మునుపటికంటె ముదిరి, వస్త్రమున్నంత కాలము నిలిచిపోవును. ఏవి పోవునో, ఏవి ముదురునో తెలిసికొనుటకు రసాయనశాస్త్ర పట్టము అవసరము లేదు. మరక ఏ పదార్థము వలన ఏర్పడినదో గుర్తింపగలిగిన చాలును. ఆ గుర్తింపునకు ఉపకరించు విషయములను మేమీ వ్యాసములో వివరింపదలచితిమి.

ఈ సంగతి తక్కిన ఊళ్లవారికంటె విశాఖపట్టణవాసులకు కొంత ఎక్కువ అవసరము. ఇది తూర్పు నౌకాదళమునకు ప్రధాన స్థానము. తెల్లని యూనిఫారము ధరించువారి కుటుంబములు ఇక్కడ ఎన్నో ఉన్నవి. ఆసుపత్రులలో పనిచేయువారు, తెల్లచొక్కా తప్పనిసరియైన బడిపిల్లలు, పొందూరు ఖద్దరు కట్టు పెద్దలు, వీరందరికిని తెలుపుతో పని యున్నది. బడిపిల్లవాని చొక్కాపై తుప్పుచుక్క పడినచో చదువుల సంవత్సరము మధ్యలో మరియొకటి కొనవలసి వచ్చును. సామాన్య సంసారమునకు అది లెక్కలోనికి రాని ఖర్చు కాదు.

వేరొక వంక చూడగా, మన నగరము ఇనుముతోను బొగ్గుతోను జీవించు నగరము. 1933 డిసెంబరు 19న ప్రారంభోత్సవము జరిగిన రేవు, తొలి దినములలో మాంగనీసు ఖనిజమును విశేషముగా ఎగుమతి చేసినది. తరువాత బైలదిల్లా గనుల ఇనుపఖనిజము కొత్తవలస-కిరండూల్ రైలుమార్గమున దిగివచ్చి, ఓడలకెక్కి జపాను దేశమునకు పోయినది. 1971 జనవరి 20న శంకుస్థాపన జరిగిన ఉక్కు కర్మాగారము 1992 ఆగస్టు 1న జాతికి అంకితమైనది. ఊరికి బ్రతుకుతెరువు చూపిన ఆ ఖనిజమే, ఆ బొగ్గే, ధూళియై మనము ఆరవేసిన బట్టలమీద వ్రాలుచున్నది.

ముందుగా బట్టకు మరక ఎట్లు పట్టునో చూతము. నూలుపోగును సూక్ష్మదర్శినిలో పరీక్షించినచో అది నున్నని దారమువలె గాక, మెలితిరిగిన పట్టీవలె కనబడును. ఆ మెలికలలో ధూళికణములు చిక్కుకొనును. నూలుకు నీటిని పీల్చు గుణము మెండు. కావున నీటిలో కరిగియున్న పదార్థములు కూడ దానితోపాటు పోగు లోనికి పోవును. యంత్రములో ఉతికిన తెల్లబట్టలపై కనబడు మరకలను స్థూలముగా నాలుగు తెగలుగా విభజింపవచ్చును. ఇనుము వలన కలుగునవి మొదటి తెగ. గాలిలోని ధూళి వలన కలుగునవి రెండవ తెగ. సబ్బు, జిడ్డు, బూజు కలిసిన మడ్డి వలన కలుగునవి మూడవ తెగ. రంగుల వలన కలుగునవి నాలుగవ తెగ. ఒక్కొక్క తెగకు ఒక్కొక్క విరుగుడు కలదు. ఒకదాని విరుగుడు మరియొకదానికి పనికిరాదు.

ఇనుపమరకను మొదట తీసికొందము. ఇది పసుపుపచ్చ మొదలు ఇటుకరంగు వరకు ఏ వన్నెలోనైన నుండవచ్చును. అంచు స్పష్టముగా నుండు చిన్న చుక్కయైనచో, ఏదో ఇనుపవస్తువు బట్టకు తగిలినదని అర్థము. బట్టయంతట పరచుకొన్న లేత గోధుమవన్నె అయినచో, నీటిలోనే ఇనుమున్నదని అర్థము.

నీటిలోనికి ఇనుము ఎట్లు వచ్చును? భీమునిపట్టణము దారిలోని ఎర్రమట్టి దిబ్బలను చూడనివారు మనలో అరుదు. అక్కడి ఇసుకరేణువులకు ఎరుపునిచ్చినది ఇనుప ఆక్సైడే. తూర్పు కనుమలలోని ఖొండలైటు శిలలు కాలక్రమమున శిథిలమై ఏర్పడిన నేలలు ఎర్రగా నుండుటకు కూడ అదియే కారణము. భూమిలో గాలి సోకని లోతున ఇనుము నీటిలో కరిగి, ఏ రంగును లేకుండ నుండును. అట్టి బోరునీరు పట్టినప్పుడు తేటగానే కనబడును. ఒక పూట నిలువయుంచిన పసుపువన్నెకు తిరిగి, అడుగున ఎర్రని మడ్డి తేరును. గాలిలోని ప్రాణవాయువు కలిసి, కరిగియున్న ఇనుము కరగని తుప్పుగా మారుటయే ఇందుకు హేతువు.

ఉతుకు పౌడరు క్షారగుణము కలది. క్షారజలములో ఈ మార్పు మరింత వేగముగా జరుగును. అనగా తేటగా యంత్రములోనికి వచ్చిన నీరు, పౌడరుతో కలిసి, బట్టలు తిరుగుచుండగనే తుప్పును విడుచును. ఆ తుప్పు పోయి నూలుపోగులను పట్టుకొనును. లీటరునకు 0.3 మిల్లీగ్రాములకంటె ఎక్కువ ఇనుమున్న నీరు బట్టలకు మరకచేయునని ప్రపంచ ఆరోగ్య సంస్థ త్రాగునీటి మార్గదర్శకములలో పేర్కొన్నది. వేయి లీటర్లు పట్టు మిద్దెట్యాంకులో గ్రామునకు మూడవ వంతైన లేని ఇనుము చాలునన్నమాట. ఇంత స్వల్పమైన ఇనుము ఒక్క ఉతుకులో కంటికి కనబడకపోవచ్చును. కాని ఇరువది ఉతుకుల తరువాత క్రొత్తచొక్కాను, పాతచొక్కాను ప్రక్కప్రక్కన పెట్టి చూచినచో భేదము తెలియును.

తాటిపూడి, రైవాడ, మేఘాద్రిగెడ్డ వంటి జలాశయముల నుండి వచ్చు కుళాయినీటిలో బోరునీటియందువలె భూగర్భపు ఇనుము సాధారణముగా నుండదు. కాని పాత ఇనుపగొట్టములలో రాత్రియంతయు నిలిచిన నీరు తెల్లవారి మొదట వచ్చునప్పుడు తుప్పును మోసికొనివచ్చును. కుళాయినీటిని, బోరునీటిని ఒకే ట్యాంకులో కలుపు ఇండ్లలో అడుగున చేరిన మడ్డి, నీరు తగ్గినప్పుడు లేచి యంత్రములోనికి పోవును. మొదట వచ్చు రెండు బిందెల నీటిని మొక్కలకు పోయుట, ట్యాంకును ఏడాదికి రెండుసార్లైన కడిగించుట, యంత్రపు నీటిగొట్టము మొదట నుండు చిన్న జాలిని విప్పి శుభ్రపరచుట, ఈ మూడును ఖర్చులేని జాగ్రత్తలు.

నీటిలో ఇనుమున్నదో లేదో ఇంటిలోనే చూచుకొనవచ్చును. తెల్లని గిన్నెలో నీరు పోసి, రాత్రి మూతలేకుండ ఉంచి, తెల్లవారి అడుగు చూడవలెను. ఎర్రని పొర కనబడినచో ఇనుమున్నట్లే. పాలు కలపని చిక్కని టీ డికాక్షనులో ఆ నీరు పోసి చూచుట మరియొక పద్ధతి. ఇనుము తగినంత యున్నచో డికాక్షను నల్లబడును. తేయాకులోని టానిను ఇనుముతో కలిసి సిరావంటి పదార్థమగుట వలన ఇది జరుగును.

మన కలంకారీ పనివారు ఈ గుణమును చిరకాలముగా ఎరుగుదురు. ఇనుపముక్కలను బెల్లపునీటిలో పులియబెట్టి తీసిన కసిమిని, కరక్కాయ పట్టించిన బట్టమీద కలముతో గీచినచో, ఆ గీత నల్లనై శాశ్వతముగా నిలుచును. కలంకారీలో కళయైన ఈ చర్యయే తెల్లచొక్కా మీద కీడగును. టీ ఒలికిన రుమాలును ఇనుపనీటిలో అట్లే ఉతికినచో మరక వదలకపోగా నలుపు తిరుగుట అందువలననే. కావున టీ మరకలను యంత్రములో వేయకముందే మంచినీటితో కడిగివేయవలెను.

ఇక బ్లీచింగు సంగతి. 1774లో షీలే అను స్వీడిషు శాస్త్రజ్ఞుడు క్లోరినును కనుగొనెను. 1785లో ఫ్రాన్సులో బెర్తొలే దానితో బట్టలకు తెలుపు తేవచ్చునని చూపెను. 1799లో స్కాట్లండులో టెన్నంటు బ్లీచింగు పొడికి పేటెంటు పొందెను. అంతకు పూర్వము ఐరోపాలో నేతబట్టలను వారములు, నెలలు గడ్డిబీళ్లలో ఎండకు పరచి తెలుపు తెచ్చెడివారు. బ్లీచింగు ద్రావణము చేయు పని ఆక్సీకరణము. పండ్లరసము, ఆకుపసరు, చెమట మొదలగువానిలోని రంగుకణములను అది ఆక్సీకరించి విరుగగొట్టును. కాని తుప్పు అనగా అప్పటికే ప్రాణవాయువుతో కూడియున్న ఇనుము. దానిని ఇంకను ఆక్సీకరించుటకు ఏమియు మిగిలియుండదు. అంతేగాక నీటిలో ఇంకను కరిగియున్న ఇనుమును బ్లీచింగు ద్రావణము వెంటనే తుప్పుగా మార్చి బట్టమీదనే దించును. బోరునీటిలో బ్లీచింగు వేసిన దుప్పటి అంతయు పచ్చబడుటకు కారణమిదియే.

తుప్పునకు విరుగుడు పులుపు. ఆమ్లము తుప్పును కరిగించి నీటిలోనికి తెచ్చును. రాగిచెంబును చింతపండుతో తోము ఇండ్లలో ఈ విషయము అందరికి తెలిసినదే. అయితే చింతపండునకు సొంతరంగు కలదు గనుక తెల్లబట్టకు అది తగదు. నిమ్మరసము మేలు. చుక్కపడినచోట బట్టను తడిపి, నిమ్మరసమును కొంచెము ఉప్పును రాచి, అరగంటసేపు ఎండలో ఉంచవలెను. ఆరిపోకుండ మధ్యమధ్య రసము పిండుచుండవలెను. తరువాత మంచినీటితో బాగుగా జాడించి, అటుపిమ్మట మామూలుగా ఉతుకవలెను. బట్టయంతయు పచ్చబడినచో, లీటరు గోరువెచ్చని నీటికి రెండు చెంచాల చొప్పున నిమ్మ ఉప్పు కరిగించి, అందులో గంటసేపు నానవేసి, రెండుమార్లు జాడింపవలెను. ఇది నూలుబట్టకు చెప్పిన మాట. పట్టునకు, జరీ ఉన్నదానికి ముందుగా కనబడని మూల పరీక్షింపవలెను. బజారులో దొరకు తుప్పు మందులలో కొన్నిట ఆక్జాలిక్ ఆమ్లముండును. అది విషము. పిల్లలకు అందనిచోట నుంచి, చేతులకు రబ్బరు తొడుగులు వేసికొని వాడవలెను.

ఇక్కడ ఒక హెచ్చరికను పాఠకులు ముఖ్యముగా గమనింప ప్రార్థించుచున్నాము. బ్లీచింగుతో మరక పోలేదని, ఆ తడిమీదనే నిమ్మ ఉప్పును గాని, వినిగరును గాని, మరుగుదొడ్డి కడుగు ఆమ్లమును గాని పోయరాదు. ఈ రెండును కలిసినచో క్లోరిను వాయువు వెలువడును. 1915 ఏప్రిల్ 22న బెల్జియములోని ఈప్ర్ వద్ద జర్మను సేనలు యుద్ధములో వదలినది ఈ వాయువునే. అది గాలికంటె బరువైనది. కిటికీలు మూసిన స్నానాలగదిలో క్రిందనే నిలిచి, కన్నులను, గొంతును, ఊపిరితిత్తులను దెబ్బతీయును. మన ఇండ్లలో యంత్రము తరచుగా ఉండునది ఆ గదిలోనే. అమ్మోనియా గల ద్రావకములతో బ్లీచింగు కలిసినను విషవాయువులే పుట్టును. 2020 మే 7 తెల్లవారుజామున వెంకటాపురము ప్రాంతమున స్టైరీను వాయువు వ్యాపించి ప్రాణములు తీసినది. వాయువు ఎంత త్వరగా ఊపిరి పట్టునో ఈ నగరమునకు వేరుగా చెప్పనక్కరలేదు. పొరపాటున ఘాటైన వాసన తగిలినచో, యంత్రమును, బట్టలను విడిచి వెంటనే బయటి గాలిలోనికి రావలెను. దగ్గు, ఆయాసము తగ్గనిచో వైద్యుని చూడవలెను. బ్లీచింగు వాడిన నాడు ఆమ్లమును తలపెట్టకుండుట, బట్టను పూర్తిగా జాడించి ఆరిన తరువాతనే మరియొక మందు వేయుట సురక్షితమైన పద్ధతి.

ఇనుము నీటినుండియే గాక యంత్రములోనుండియు రావచ్చును. నేటి యంత్రముల డ్రమ్ములు తుప్పుపట్టని ఉక్కుతో చేసినవి. ఆ ఉక్కులో నూటికి 10.5 పాళ్లకు తక్కువ గాక క్రోమియముండును. క్రోమియము పైన కంటికి కనబడని పలుచని పొర కట్టి లోహమును కాపాడును. ఉప్పు, క్లోరిను ఆ పొరకు శత్రువులు. సముద్రపుటొడ్డున ఉన్న మనకు గాలిలోనే ఉప్పు కలదు. తీరమునకు దగ్గరనున్న బోర్లలో ఉప్పదనము కలదు. దానికితోడు ప్రతి ఉతుకునకు బ్లీచింగు పోసినచో ఎంతటి ఉక్కైనను కొంతకాలమునకు గుంటలుపడి చెమర్చును. జేబులో మరచిన మేకు, పిన్నీసు, పేపరు క్లిప్పు డ్రమ్ము రంధ్రములో చిక్కుకొని అక్కడే తుప్పుపట్టినచో, ఉతికినప్పుడెల్ల ఒకేచోట చుక్క వేయుచుండును. రవికెల హుక్కులు, ప్యాంటుల కొక్కెములు కూడ ఇట్టివే. తిరుగునప్పుడు ఇవి తక్కిన బట్టలకు రాచుకొనును. హుక్కులు పెట్టి, బట్టను తిరగదీసి, జాలిసంచిలో వేసినచో ఈ బాధ తప్పును. నెలకొకమారు డ్రమ్ములోపల చేతిదీపము వేసి చూచుట మంచి అలవాటు.

రెండవ తెగ ధూళిమరకలు. యారాడ కొండ ఒక వంక, సింహాచలము కొండలు మరియొక వంక, కైలాసగిరి ఇంకొక వంక ఉండుట వలన నగరపు నడిభాగము గిన్నెవలె నున్నది. గాలి స్తంభించిన దినములలో ఆ గిన్నెలోని ధూళి బయటకు పోవుటకు దారి తక్కువ. రేవుకు దగ్గరగా నుండు జ్ఞానాపురము, పాతనగరపు వీధులలో మేడమీద ఆరవేసిన బట్టపై నల్లని పొడి పేరుకొనుట అక్కడివారి నిత్యానుభవము. ఖనిజపు గుట్టలపై నీరు చల్లుట, కప్పువేసిన గిడ్డంగులు, చెట్ల వరుసలు ఈ బాధను తగ్గించుటకు చేయు ఏర్పాట్లు. అవి ఎంత చక్కగా నడచునో అంతగా మన బట్టలును, అంతకంటె ముఖ్యముగా మన ఊపిరితిత్తులును బాగుపడును. చొక్కామీద పడిన ధూళి మన ముక్కులోనికి పోయిన ధూళికి సాక్ష్యమని గుర్తుంచుకొని, దానిని గురించి అధికారులకు వినయముగనే గాని విడువకుండ తెలియజేయుట పౌరుల కర్తవ్యము.

బొగ్గుధూళి అనగా కర్బనము. అది రంగు గాదు, కణము. కావున బ్లీచింగు దానిని ఏమియు చేయజాలదు. తడిచేతితో తుడిచినచో కణములు నూలుమెలికల లోనికి నొక్కుకొనిపోవును. పొడిగా నున్నప్పుడే బట్టను రెండు అంచులు పట్టి గట్టిగా విదల్చి, మెత్తని కుంచెతో దులిపి, తరువాత చల్లని నీటిలో ఒకమారు తేలికగా జాడించి, ఆ నీరు పారబోసి, అప్పుడు యంత్రములో వేయవలెను. దులపకుండ వేసిన ఒక్క దుప్పటిలోని నలుపు లోపలి తెల్లబట్టలన్నిటికిని సమానముగా పంచబడును. యంత్రము పాడుచేసినదని మనము తలచు మరకలలో కొంత భాగము ఇట్లు మనము లోపలకు పంపినదే.

మూడవ తెగ మడ్డి మరకలు. పౌడరు ఎక్కువ వేసిన తెలుపు ఎక్కువ వచ్చునను నమ్మకము చాలామందికి కలదు. నిజమున కిది తారుమారు. కరగని పౌడరు బట్టమడతలలో తెల్లని చారలుగా నిలుచును. జాడింపునకు లొంగక మిగిలినది క్రమముగా జిడ్డును, మట్టిని పట్టుకొని బూడిదవన్నెకు తిరుగును. కఠినజలములోని సున్నపు లవణములు సబ్బుతో కలిసినచో కరగని తెట్టు ఏర్పడునని బడిలో చదువుకొన్నాము. 1959లో మనదేశపు బజారులోనికి సర్ఫు వచ్చిన తరువాత వ్యాపించిన కృత్రిమ పౌడర్లకు ఈ దోషము తక్కువ గాని, బొత్తిగా లేకపోలేదు. భారత ప్రమాణముల ప్రకారము త్రాగునీటి కాఠిన్యము లీటరునకు 200 మిల్లీగ్రాముల లోపల నుండుట వాంఛనీయము. వేరు ఆధారము లేనప్పుడు 600 వరకు సహింపవచ్చును. కుళాయినీటికి, కఠినమైన బోరునీటికి ఒకే కొలత పౌడరు పనికిరాదని దీనిబట్టి గ్రహింపవచ్చును. పొట్లముపై చెప్పిన కొలతతో ప్రారంభించి, జాడించిన నీటిలో నురుగు మిగిలినచో తగ్గించుకొనవలెను. పౌడరును మగ్గు గోరువెచ్చని నీటిలో ముందుగా కరిగించి పోసినచో చారలు పడవు. డ్రమ్మును మూడింట రెండు వంతులకు మించి నింపరాదు. బట్టలు తిరుగుటకు చోటు లేనిచో నీరు చొరదు, మురికి పోదు.

బట్టలను మెత్తపరచు కండిషనరును పౌడరుతో కలిపి వేయుట మరియొక పొరపాటు. ఆ రెండింటి విద్యుదావేశములు పరస్పర విరుద్ధములు. అవి కలిసి మైనమువంటి మడ్డి యగును. ఈ మడ్డి డ్రమ్ము వెనుక, ముందుతలుపు యంత్రములలో తలుపు చుట్టునుండు రబ్బరుపట్టీ మడతలో పేరుకొనును. మన తీరపు ఉక్కపోతలో దానిపై బూజు పెరుగును. ఆ బూజు పొలుసులే తెల్లబట్టలమీద నల్లగా అంటుకొనునవి. గోటితో రాచిన జిడ్డుగా సాగుట వీని గుర్తు. నివారణ కష్టము కాదు. ఉతుకు ముగిసిన వెంటనే బట్టలు తీసివేసి, మూతను తెరచియుంచి, రబ్బరుపట్టీని పొడిగుడ్డతో తుడువవలెను. నూగు పట్టు జాలిని, పౌడరు పోయు అరను వారమునకొకమారు కడుగవలెను. నెలకొకమారు బట్టలు లేకుండ, 60 డిగ్రీలకు తక్కువ గాని వేడినీటితో యంత్రమును నడుపవలెను. నీటిని వేడిచేయు సదుపాయము లేని యంత్రములలో, తయారీదారు అనుమతించినంత వేడినీటిని బయటనుండి పోసికొనవచ్చును.

నాలుగవ తెగ రంగులు. వీనిలో మనకు చిరపరిచితమైనది నీలిమందు. పాతబడిన నూలు పసుపువన్నె తిరుగును. కొంచెము నీలము చేర్చినచో ఆ పసుపు కంటికి తెలియక తెలుపుగా తోచును. నేటి పౌడర్లలో ఈ పనికి వేరొక పదార్థము కలుపుచున్నారు. అది ఎండలోని అతినీలలోహిత కిరణములను గ్రహించి నీలికాంతిగా వెలువరించును. పౌడరులోనే ఇది ఉండగా నీలిమందును నేరుగా డ్రమ్ములో పోసినచో, మొదట తగిలిన బట్టకు నీలిచుక్కలు పడును. నీలిమందు తప్పనిసరి అనుకొనువారు వేరు బకెట్టులో నీటికి బాగుగా కలిపి, చివరి జాడింపుగా, బట్టను విప్పి ముంచవలెను.

పసుపుమరక మరియొక వింత చూపును. పప్పు, సాంబారు ఒలికిన చొక్కా యంత్రములో ఎర్రబడి వచ్చినచో కొందరు తుప్పని భ్రమపడుదురు. పసుపునకు సున్నము కలిపి పారాణి చేయుట మన పెండ్లిండ్లలో ఎల్లరు ఎరిగినదే. పౌడరులోని క్షారము కూడ ఆ సున్నమువలెనే పసుపును ఎరుపు చేయును. బాగుగా జాడించి ఎండలో వేసినచో ఎరుపు తగ్గి పసుపగును, క్రమముగా వెలసిపోవును. పసుపునకు ఎండయే శత్రువు. నిమ్మరసముతో వెంటనే పసుపుపచ్చగా మారి అట్లే నిలిచినది పసుపుమరక. నిమ్మరసముతో మెల్లగా పలుచబడి మాయమగునది తుప్పు. ఈ చిన్న పరీక్ష రెండింటిని వేరుచేయును. ఇక రంగుబట్టలను తెల్లవానితో కలుపరాదని వేరుగా చెప్పనక్కరలేదు. క్రొత్తవస్త్రపు అంచును తడిపి తెల్లగుడ్డతో నొక్కి చూచినచో రంగుదిగునదో కాదో తెలియును.

ఆరవేయుటయందును జాగ్రత్త అవసరము. ఉప్పుగాలికి తుప్పుపట్టిన ఇనుపతీగెమీద వేసిన తెల్లపంచెకు నడుమ గోధుమరంగు గీత పడును. అది యంత్రపు దోషము కాదు. నైలాను త్రాడు, ప్లాస్టికు పట్టులు వాడి, వేయుటకు ముందు త్రాటిని తడిగుడ్డతో తుడువవలెను. రేవునకు దగ్గరనున్నవారు ధూళి ఎక్కువగా వీచు దినములలో వసారాలో ఆరవేసికొనుట మేలు.

వెనుకటి రోజులలో రజకులు బట్టలను రేవునకు చేర్చి, తెలుపులను రంగులనుండి వేరుచేసి, మట్టి దులిపి, చవుటినీటిలో నానవేసి, ఆవిరిమీద ఉడికించి, బండకు కొట్టి, పారునీటిలో జాడించి, శుభ్రమైన ఇసుకతిన్నెమీద ఎండవేసెడివారు. యంత్రము ఈ వరుసలో కొట్టుటను, జాడించుటను మాత్రమే తనపై వేసికొన్నది. వేరుచేయుట, దులుపుట, నానవేయుట, మరక చూచి మందు నిర్ణయించుట, ఎండవేయుట ఇప్పటికిని మన చేతిపనులుగనే మిగిలియున్నవి. వానిని వదలివేసి యంత్రమునే నమ్మినచోట మరకలు కనబడుచున్నవి.

కావున ఇంటిలో యంత్రము నడుపువారు ఎవరైనను ఈ క్రమమును పాటింపవచ్చును. నీటిని ఒకమారు గిన్నెలో పరీక్షించుట. బట్టలను పొడిగా దులుపుట. జేబులు వెదకి, హుక్కులు పెట్టుట. తెలుపులను వేరుగా, డ్రమ్మునకు చోటువదలి వేయుట. పౌడరును కొలిచి, కరిగించి పోయుట. ముగిసిన వెంటనే తీసి, శుభ్రమైన త్రాటిపై ఆరవేసి, యంత్రపు మూత తెరచియుంచుట. అప్పటికిని మరక పడినచో, సీసా అందుకొనుటకు ముందు ఒక్క చుక్క నిమ్మరసము వేసి చూచుట. పలుచబడినచో అది ఇనుము, పులుపుతో పోవును. జిడ్డుగా సాగినచో అది మడ్డి, యంత్రమును కడుగవలెను. విదల్చిన రాలినచో అది బొగ్గుధూళి, కుంచె చాలును. ఈ మూడింటిలో దేనికిని బ్లీచింగు అక్కరలేదు. ఆ సీసాను చెమట, పండ్లరసము వంటి మరకలకు మాత్రమే వాడుకొని, ఆమ్లములకు దూరముగా వేరొక అరలో భద్రపరచినచో బట్టలకును, ఇంటివారికిని క్షేమము.